పికప్ లేని కారు

పదకొండు గంటలకి భార్యకి డ్రైవింగు పరీక్ష ఉందని ప్రూఫు రీడరు ఆ రోజు ఆరింటికే లేచాడు. పరీక్ష ఆవిడది, కంగారు ఆయనది. ఆ రోజు చేయాల్సిన పనులన్నీ ముందు రోజే ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఏడింటికి కారులో లోపం కనిపెట్టడం, ఎనిమిదింటికి దాన్ని సరిచేయడం, తొమ్మిదింటికి స్నానం, పదింటికి కాఫీ, పదిన్నరకి బయలుదేరడం. రాసింది ఒకసారి చదువుకుని, 'స్నానం'లో జారిపోయిన ఒత్తు పెట్టి, మడిచి జేబులో వేసుకున్నాడు.

ఆయన ఇరవై రెండేళ్ళుగా ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతున్నాడు. మందు సీసా చేతికిస్తే మోతాదు చూడక ముందే అక్షరదోషం చూస్తాడు. తప్పు ఎలాంటిదైనా, మొదటి నుంచి వరసగా చూసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట దొరక్క తప్పదని ఆయన సిద్ధాంతం. ఈ సిద్ధాంతం కారుకి కూడా వర్తిస్తుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయనే అనుకున్నాడు.

కారు మామగారిది. వయసు పాతికేళ్ళు. మామగారు పోయాక అత్తగారూ కారూ ఒకే రోజు ఈ ఇంటికి వచ్చారు, ఇద్దరినీ ఒకే మర్యాదతో చూసుకోవాలని ఇంట్లో నియమం. మొన్నటి వర్షాలకి మూడు వారాలు కదలకుండా వాకిట్లో నిలబడిన ఆ కారు, అప్పటి నుంచీ సరిగ్గా లాగడం లేదు. పెడలు అడుగుదాకా తొక్కితే ఇంజన్ గావుకేక పెడుతుంది గాని బండి ముందుకి దూకదు. పెట్రోలు మాత్రం గటగటా తాగుతుంది. ఇంటికి వచ్చి ఆపాక ఏదో మాడిన వాసన.

"పికప్ పోయింది," అని తేల్చాడు ప్రూఫు రీడరు. "లోపం ఇంజన్లో ఉంది. ఎక్కడుందో ఇవాళ పట్టుకుంటాను."

"మెకానిక్కి చూపిద్దామండీ," అంది భార్య. ఆవిడ నర్సు. తెల్ల యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటూ, పక్కన పెట్టుకున్న పుస్తకంలో రోడ్డు గుర్తులు వల్లె వేస్తోంది. "ఇవాళ ప్రయోగాలొద్దు. నా ఉద్యోగం సంగతి తెలుసుగా."

తెలుసు. ఆవిడకి సూపర్వైజరుగా ప్రమోషన్ వచ్చింది. చుట్టుపక్కల పదకొండు ఆరోగ్య కేంద్రాలకి తనే కారు నడుపుకుంటూ వెళ్ళి చూసి రావాలి. నెలాఖరులోగా లైసెన్సు చూపించకపోతే ఆ కుర్చీ తరవాతి ఆవిడకి పోతుంది. ఈ నెలకి ఇదే ఆఖరి పరీక్ష. కిందటిసారి ఎత్తు మీద ఆపి మళ్ళీ ఎక్కించమంటే, కారు వెనక్కి జారి 'నిలువుము' అని రాసి ఉన్న బోర్డుని పడగొట్టింది.

"మెకానిక్ దేనికి? ఇరవై ఏళ్ళ నుంచి కారు నడుపుతున్నాను. చప్పుడు వింటే చాలు నాకు," అన్నాడాయన.

ఈ మాట ప్రహరీ గోడకి అవతల వినపడింది. గోడ మీద నుంచి నోట్లో టూత్‌బ్రష్షుతో ఒక తల లేచింది. అది ఓడ ఇంజనీరుది. ఆయన ముప్పై ఏళ్ళు సముద్రం మీద, మూడంతస్తుల మేడంత ఇంజన్ల మధ్య పనిచేసి రిటైరయ్యాడు. నేల మీద ఆయనకి చేతినిండా పని దొరకడం లేదు.

"ఏం తమ్ముడూ, ఇంజన్ ట్రబులా?" అన్నాడు ఆశగా.

"పికప్ లేదన్నగారూ."

"వస్తున్నా ఉండు. నోరు కడుక్కుని."

నోరు కడుక్కున్నట్టు లేదు గాని, నిమిషంలో వచ్చాడు. బోనెట్ ఎత్తి చూసి జాలిగా నవ్వాడు. "ఇంతేనా? ఓడలో ఇంతింత ఇంజన్లతో వంటగదిలో పంకాలు తిప్పేవాళ్ళం. ముందు ప్లగ్గులు పీకు."

నాలుగు ప్లగ్గులూ పీకారు. నాలుగూ లేత గోధుమరంగులో, శుభ్రంగా ఉన్నాయి. ప్లగ్గు ఆ రంగులో ఉందంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. అది చిన్న మెకానిక్కి కూడా తెలుస్తుంది. ఓడ ఇంజనీరుకి మాత్రం అనుమానం వచ్చింది. "మరీ ఇంత శుభ్రంగా ఉన్నాయేమిటి? ఇందులో ఏదో ఉంది," అని నాలుగింటినీ వైరు బ్రష్షుతో రుద్దాడు.

తిరిగి బిగించాక తెలిసింది, ఏ తీగ ఏ ప్లగ్గుదో ఇద్దరూ గుర్తు పెట్టుకోలేదని. "నువ్వు చూసుకుంటున్నావనుకున్నాను," అన్నాడు ఓడ ఇంజనీరు. "మీరు ఇంజనీరు కదా అని ఊరుకున్నాను," అన్నాడు ప్రూఫు రీడరు. తోచినట్టు తగిలించి తాళం తిప్పేసరికి ఢామ్మని పేలింది. ఎదురింటి కిటికీ తలుపులు రెండూ టపటపా మూసుకున్నాయి. లోపల గదిలోంచి భార్య గొంతు వినిపించింది.

"ఏవండీ, ఏమిటది?"

"లోపం బయటపడుతోంది!" అని అరిచాడాయన.

నాలుగు తీగల్ని నాలుగు ప్లగ్గులకి ఇరవై నాలుగు రకాలుగా పెట్టవచ్చు. ఏడో రకం దగ్గర ఇంజన్ మామూలుగా పలికింది. అంటే ఆరింటికి ఎక్కడున్నారో ఎనిమిదిన్నరకి మళ్ళీ అక్కడికే చేరారు. కాగితం ప్రకారం ఈపాటికి లోపం దొరికి, సరి అయిపోయి ఉండాలి. ప్రూఫు రీడరు కాగితం జేబులోంచి తీయలేదు.

"అయితే గాలి," అన్నాడు ఓడ ఇంజనీరు. "ఇంజన్‌కి ఊపిరి ఆడటం లేదు." గాలి వడపోసే డబ్బా మూత తీసి, లోపలున్న మడతల కాగితపు ఫిల్టరు బయటికి లాగాడు. కొద్దిగా దుమ్ముంది. వసారాలో కూర్చుని ఉన్న అత్తగారికి అది అందించి, "కాస్త దులపండి అత్తయ్యగారూ," అన్నాడు ప్రూఫు రీడరు.

అత్తగారికి మూడు రోజులుగా జలుబు. ముక్కు దిబ్బడ, చెవులు దిబ్బడ. ఆవిడకి 'తడపండి' అని వినిపించింది. భర్తగారి కారు పని కదా అని, ఒక్కసారి తడిపి ఊరుకోకుండా సబ్బు పొడి వేసి నానబెట్టి, రెండు చేతులతో నలిపి, పిండి, దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేశారు. పది నిమిషాల తరవాత అల్లుడు వచ్చి చూసేసరికి అది ఫిల్టరు పోలికల్లో లేదు.

"మురికి బాగా వదిలింది నాయనా," అన్నారు తృప్తిగా.

ఆవిడనేమీ అనడానికి లేదు. ఫిల్టరు లేకుండానే డబ్బా మూత బిగించారు. అప్పుడు ఓడ ఇంజనీరుకి కార్బురేటరు పక్కన చిన్న స్క్రూ ఒకటి కనిపించింది. "ఇదిగో, ఇది చూడలేదు మనం," అని స్క్రూడ్రైవరుతో రెండు చుట్లు బిగించాడు. ఇంజన్ లేచి నిలబడినట్టు గర్జించింది. పెడలు మీద కాలు పెట్టకుండానే, నిలబడిన చోటే, కొండెక్కుతున్న లారీలా అరుస్తోంది.

"అదీ ఊపిరంటే!"

"కాస్త తగ్గించండన్నగారూ, చెవులు పోతున్నాయి!"

తగ్గించబోతే పాతికేళ్ళ ఆ స్క్రూ తల కాస్తా అరిగి ఊరుకుంది. ఇప్పుడది ఎటూ తిరగదు. ప్రూఫు రీడరు నుదుటి చెమటని మసి చేత్తో తుడుచుకున్నాడు. భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ కోప్పడలేదు. వార్డులో రోగి చెప్పిన మాట వినకపోతే ఎలా చూస్తుందో అలా చూసింది.

"కనీసం ఆ మెకానిక్కి ఫోనైనా చేయండి."

చేశాడు. ఆ గర్జన మధ్యలోనే, ఒక చెవిలో వేలు పెట్టుకుని, పికప్ లేకపోవడం, ఇంజన్ అరవడం, మాడు వాసన, అన్నీ వరసగా విన్నవించాడు. అవతల్నుంచి మెకానిక్ గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"...పెట్రోలుంది సార్... వదిలించండి..."

"పెట్రోలుందా? వదిలించాలా?"

"ఆఁ, ఆఁ! అదే! వదిలించారంటే బండి గాలిలో తేలిపోద్ది!"

ప్రూఫు రీడరు ముఖం వెలిగింది. చెడ్డ పెట్రోలు! వాసనకీ, పికప్ లేకపోవడానికీ, అన్నిటికీ అదే సమాధానం. "నేనూ అదే అనుకున్నాను," అన్నాడు ఓడ ఇంజనీరు. ఇంజన్ ఆపి, టాంకు కింద బోల్టు విప్పి, ఉన్న పెట్రోలంతా బకెట్లోకి వదిలించారు. పారబోయక్కర్లేదు, గుడ్డతో వడకట్టి మళ్ళీ పోద్దాం అని ఇద్దరూ గుడ్డ కోసం ఇంట్లోకి వెళ్ళారు. ఏ గుడ్డ వాడాలన్న చర్చ కొంచెం పొడుగైంది. తిరిగి వచ్చేసరికి బకెట్ ఖాళీగా, కడిగి బోర్లించి ఉంది.

"ఆ మురికి నీళ్ళు నేనే పారబోశాలే నాయనా," అన్నారు ముక్కు తుడుచుకుంటూ అత్తగారు. "మొక్కలకి పోద్దామనుకున్నాను గాని, జిడ్డుగా ఉంటేనూ, వెనక కాలవలో పోసేశాను."

తొమ్మిది యాభై. చుక్క పెట్రోలు లేదు. పెట్రోలు బంకు వీధి చివరే ఉంది. తోసుకుపోదాం అన్నాడు ఓడ ఇంజనీరు. ఆయనా ప్రూఫు రీడరూ వెనకనుంచి తోశారు. కారు కదల్లేదు. అత్తగారు కూడా లేచి వచ్చి, కొంగు దోపి ఒక చెయ్యి వేశారు. మూరెడు కదిలి ఆగిపోయింది.

"హ్యాండు బ్రేకు దించావా తమ్ముడూ?"

"దించే ఉందన్నగారూ. కావాలంటే చూడండి." నిజమే, బ్రేకు పిడి కిందికే ఉంది.

"అయితే ఇనప బండి కదా, బరువు. ఓడైతే నీళ్ళలో తేలికగా కదిలేది."

"మీ మామగారు ఒంటిచేత్తో తోసేవారు ఈ కారుని," అన్నారు అత్తగారు ఆయాసపడుతూ. "ఇప్పుడేమిటో వెనకనుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టుంది అల్లుడుగారూ."

ఆ పొద్దుటినుంచీ ఆ వాకిట్లో ఎవరైనా అన్న సరైన మాట అదొక్కటే. కాని అన్నది జలుబుతో ఉన్న అత్తగారు కావడం వల్ల దాన్నెవరూ పట్టించుకోలేదు.

చివరికి ఓడ ఇంజనీరు తన పాత స్కూటరులోంచి రెండు లీటర్లు తీసి పోశాడు. ఆ స్కూటరు పెట్రోలులో ఆయిలు కలిపి పోసే రకమని ఆయనకి కారు బయలుదేరాక గుర్తొచ్చింది. అప్పటికే కారు వెనక వీధంతా తెల్లటి పొగ కమ్మేసింది.

ఆ విధంగా పదిన్నరకి బయలుదేరడం అన్న ఒక్క అంశం మాత్రం కాగితం ప్రకారమే జరిగింది. స్నానం కాని ప్రూఫు రీడరు స్టీరింగు దగ్గర, ఇస్త్రీ యూనిఫారంలో భార్య పక్కన, వెనక సీట్లో అత్తగారూ, దారిలో అవసరం పడవచ్చని ఓడ ఇంజనీరూ. ముందు వైపు గర్జన, వెనక వైపు పొగ. మధ్యలో వేగం మాత్రం లేదు. సైకిలు మీద పోతున్న ఒకాయన వీళ్ళని దాటేసి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఊరుకోక వెనక్కి తిరిగి, "ఏమండీ, ఏదైనా సాయం కావాలా?" అని అడిగి మరీ వెళ్ళాడు. వెనకనున్న నీళ్ళ టాంకరువాడు హారను మీద వేసిన చెయ్యి తీయలేదు.

"మాడు వాసనొస్తోందండీ," అంది భార్య.

"క్లచ్చి," అన్నాడు ఓడ ఇంజనీరు.

"ఆయిలు," అన్నాడు ప్రూఫు రీడరు.

"నాకేం రావట్లేదు," అన్నారు అత్తగారు.

పరీక్ష మైదానం చేరేసరికి పదకొండూ అయిదు. ఆవిడ పేరు రెండోసారి పిలుస్తున్నారు. పరీక్షాధికారి బక్కపలచని మనిషి. ఎండలో ఒక బల్ల, దాని మీద ఒక ఫ్లాస్కు, ఒక కాగితాల కట్ట, ఒక అగ్గిపెట్టె. ఆయనకి సిగరెట్టు అలవాటు లేదు. మైదానం మధ్యలో సిమెంటుతో కట్టిన ఎత్తు ఉంది. దాని సగంలో గీసిన తెల్ల గీత దగ్గర కారు ఆపించి, వెనక చక్రానికి జానెడు దూరంలో ఆ అగ్గిపెట్టె పెడతాడు. మళ్ళీ కదిలేటప్పుడు చక్రం వెనక్కి జారి అది నలిగితే ఫెయిలు. ఆ లెక్కన పొద్దుటినుంచి పెట్టెడు అగ్గిపెట్టెలు ఖర్చయ్యాయి.

ఆయన ఆవిణ్ణి గుర్తుపట్టాడు. "మీరేనా, బోర్డు?" అన్నాడు.

"నేనేనండీ."

"ఏమిటమ్మా ఆ చప్పుడు?"

"మా ఇంట్లో ఇద్దరు ఇంజన్ పట్టించుకుంటున్నారండీ," అంది ఆవిడ.

ప్రూఫు రీడరు కంచె అవతల నిలబడ్డాడు. ఆవిడ ఎత్తు ఎక్కించి గీత మీద ఆపింది. అధికారి అగ్గిపెట్టె పెట్టి, హ్యాండు బ్రేకు దించమన్నాడు. దించింది. ఎవరి కారైనా అక్కడ కొంచెం ఉలిక్కిపడుతుంది. ఈ కారు కదల్లేదు. సిమెంటులో పోసి గట్టిపరచినట్టు నిలబడింది. అధికారి ముందుకి వంగి చూశాడు, వెనక్కి వెళ్ళి చూశాడు. ఈల వేశాడు. ఇంజన్ ఎలాగూ గర్జిస్తూనే ఉంది కనక ఆగిపోయే ప్రమాదం లేదు. ఆవిడ మెల్లగా క్లచ్చి వదిలింది. కారు చీమలా, హుందాగా, ఒక్క వెంట్రుకవాసి కూడా వెనక్కి జారకుండా పైకి ఎక్కింది.

అధికారి అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుని నాలుగు వైపులా తిప్పి చూశాడు. "పదిహేనేళ్ళ సర్వీసులో ఇంత నిబ్బరం చూళ్ళేదమ్మా," అని అక్కడికక్కడే కాగితం మీద 'పాస్' అని రాసి సంతకం పెట్టాడు. అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. "స్క్రూ రెండు చుట్లు బిగించింది నేనే," అన్నాడు ఓడ ఇంజనీరు చుట్టుపక్కల వాళ్ళతో.

కథ ఇక్కడితో ఆగితే అందరూ సుఖంగా ఇంటికి వెళ్ళేవారు. కాని సరిగ్గా అప్పుడే, వేరే ఎవరిదో బండి పని మీద వచ్చిన మెకానిక్ వీళ్ళని చూశాడు. కారు దగ్గరికి నడిచి వచ్చి, ముందు బోనెట్ వైపైనా చూడకుండా, వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని అరచెయ్యి దానికి ఆనించబోయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఒక సీసాడు నీళ్ళు చక్రం మీద పోశాడు. సుయ్యిమని ఆవిరి లేచింది.

"ఇదేంటి సార్? పొద్దున్న ఫోన్లో చెప్పాను కదా."

"చెప్పావు. అలాగే చేశాం. పెట్రోలంతా వదిలించాం."

"పెట్రోలేంటి సార్?" అన్నాడు మెకానిక్ తెల్లబోయి. "వెనక బ్రేకు పట్టేసుంది, వదిలించండి అన్నాను. వానల్లో హ్యాండు బ్రేకు లాగి వదిలేసుంటారు, కేబులు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పిడి దించినా బ్రేకు వదలదు. ఇంజన్‌కేం, రాయిలా ఉంది! ఇన్నాళ్ళూ బ్రేకు వేసిన బండిని లాక్కొచ్చిందంటే ఇంకెలా ఉండాలి?"

ఓడ ఇంజనీరు గొంతు సవరించుకుని, "ఓడలకి బ్రేకులుండవు," అన్నాడు.

మెకానిక్ కారు కింద దూరి, నూనె పోసి, నాలుగు దెబ్బలు కొట్టి కేబులు వదిలించాడు. అరిగిన స్క్రూని పటకారుతో పట్టుకుని తిప్పి ఇంజన్ అరుపు తగ్గించాడు. లేచి ఒంటిచేత్తో తోస్తే, కారు ఆజ్ఞ కోసం చూస్తున్నట్టు ముందుకి జరిగింది. "మీ నాన్నగారి రోజుల్లో అచ్చం ఇలాగే ఉండేది," అన్నారు అత్తగారు కూతురితో.

ప్రూఫు రీడరు మాత్రం చేతిలో ఉన్న పాస్ కాగితం వంకే చూస్తున్నాడు. ఆయన ముఖంలో రంగులు మారుతున్నాయి. తప్పు కనిపించాక దాన్ని అలా వదిలేయడం ఆయన వల్ల కాదు. ఇరవై రెండేళ్ళలో ఒక కామాని కూడా చూసీ చూడనట్టు పోనివ్వలేదు.

"కారు జారకపోవడానికి కారణం బ్రేకు కదా," అన్నాడు నెమ్మదిగా. "అంటే ఈ పాస్‌లో ఒక దోషం ఉంది."

"ఏవండీ," అంది భార్య. ఆ ఒక్క మాటలో చాలా హెచ్చరికలున్నాయి. ఆయన అప్పటికే బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

"అయ్యా, మనవి. మా ఆవిడ పరీక్షలో కారుకి బ్రేకు పట్టేసి ఉంది. అందువల్లనే జారలేదు. ఉన్న సంగతి చెప్పడం నా ధర్మం."

అధికారి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. మసి పూసిన నుదురు, నూనె చొక్కా. "మీరు ఆవిడకి ఏమవుతారు?"

"భర్తనండీ."

"నిజంగానేనా?" అన్నాడాయన. కాగితం వెనక్కి తీసుకుని, 'పాస్' మీద ఒక గీత కొట్టి, "అయితే ఇంకోసారి ఎక్కించమనండి. వెనక్కి జారితే వచ్చే నెల రావాలి," అన్నాడు.

ఆ గీత చూశాక ప్రూఫు రీడరుకి నెలాఖరు గడువు గుర్తొచ్చింది. వచ్చే నెలంటే ఉద్యోగం పోయినట్టే. తను చేసినదేమిటో అప్పుడు తెలిసింది. అత్తగారు ఆయన వైపు వీపు పెట్టి నిలబడ్డారు. ఓడ ఇంజనీరు అంతటివాడు రెండడుగులు దూరం జరిగాడు. భార్య తన చేతి గడియారం సవరించుకుని, వెళ్ళి కారులో కూర్చుంది.

ఈసారి గర్జన లేదు, పట్టు లేదు. కారు తేలికగా ఎత్తెక్కి గీత మీద ఆగింది. అధికారి కొత్త అగ్గిపెట్టె తీసి, జానెడు కాదు, బెత్తెడు దూరంలో పెట్టాడు. ఈల వేశాడు. ప్రూఫు రీడరు కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడా ఢామ్మనలేదు, ఎవరూ అరవలేదు. కళ్ళు తెరిచేసరికి కారు ఎత్తు దాటి అవతల దిగుతోంది. అగ్గిపెట్టె పెట్టినచోటే, పెట్టినట్టే ఉంది.

అధికారి ఈసారి లేచి నిలబడి, గీత కొట్టిన మాట పక్కనే మళ్ళీ 'పాస్' అని రాశాడు. "ఎవరమ్మా నేర్పింది?"

"నేనేనండీ," అని కంచె అవతలనుంచి ప్రూఫు రీడరు అందుకున్నాడు.

"మా అంబులెన్సు డ్రైవరుగారండీ," అంది ఆవిడ దిగుతూ. "నెల్లాళ్ళుగా మధ్యాహ్నం భోజనాల వేళ ఆస్పత్రి వెనక ఎత్తు మీద నేర్పిస్తున్నారు. ఈయనకి చెప్తే బాధపడతారని చెప్పలేదు."

ఆయన బాధపడ్డాడు. సంతోషం కూడా కలిగింది గాని అది బాధ కింద పడి నలిగింది. ఇంతమందిలో ఏదో ఒకటి అని తీరాలనిపించింది. "అదేముందండీ, బ్రేకు వదిలాక ఈ కారుతో ఎవరైనా ఎక్కిస్తారు," అన్నాడు.

"అలాగా," అన్నాడు అధికారి. "అయితే మీరూ ఒకసారి ఎక్కించండి. చూస్తాను."

వెనక్కి తగ్గడానికి దారి లేదు. ఆయన ఎక్కాడు. వానలు వెలిసినప్పటినుంచీ ఎత్తు మీద బ్రేకు నుంచి కాలు తీసేసినా కారు దానంతటదే నిలబడటానికి ఆయన కాలు అలవాటు పడిపోయింది. గీత మీద ఆపి, ఠీవిగా కాలు తీసి, అధికారి వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు పూర్తికాక ముందే కారు వెనక్కి బయలుదేరింది. అగ్గిపెట్టె నలిగింది. అక్కడితో ఆగక, ఎత్తంతా దిగి, మైదానం దాటి, బల్లకి తగిలి, ఫ్లాస్కుని పడగొట్టి, కాగితాల కట్టని గాలికి వదిలి అప్పుడు ఆగింది. ఇన్నాళ్ళకి కారుకి మంచి పికప్ వచ్చింది, వెనక వైపుకే అయినా.

పాస్ కాగితం ఎక్కడ ఎగిరిపోతుందోనని భార్య ముందే దాన్ని చేతిలో పట్టుకుని నిలబడింది.

అధికారి ఫ్లాస్కు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. లోపల అద్దం గలగలమంది. "మీ లైసెన్సు చూపించండి," అన్నాడు.

ప్రూఫు రీడరు పర్సులోంచి తీసి ఇచ్చాడు. అధికారి ఒకవైపు చూశాడు. రెండోవైపు చూశాడు. తన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"దీని గడువు తీరి నాలుగేళ్ళయింది. మీరేం చేస్తుంటారు?"

"ప్రూఫులు దిద్దుతానండీ," అన్నాడు చాలా చిన్న గొంతుతో.

ఇంటికి కారుని భార్యే నడిపింది. గడువు తీరిన ఆయన ముందు సీట్లో కూర్చోవడం చట్టానికి ఒప్పుతుందో లేదోనని అత్తగారు సందేహం వెలిబుచ్చడంతో, ఆయన వెనక సీట్లో ఓడ ఇంజనీరు పక్కన సర్దుకున్నాడు. మలుపు దగ్గర ఆవిడ గేరు మార్చినప్పుడు ఇంజన్ ఎంత నెమ్మదిగా, ఎంత బలంగా లాగిందో ఆయనకి వినిపించింది. బాగుందని చెబుదామనుకున్నాడు. ఇల్లు చేరేలోగా ఆ మాట నోటి దాకా రెండుసార్లు వచ్చింది. మూడోసారి, వాకిట్లో కారు ఆపాక, బయటికే వచ్చింది. "బాగా నడిపావు," అన్నాడు.

"తెలుసండీ," అంది ఆవిడ, తాళాలు తన సంచిలో వేసుకుంటూ.

సూపర్వైజరుగా ఆవిడ ఇప్పటికి పదకొండు కేంద్రాలూ రెండేసిసార్లు చుట్టి వచ్చింది. ఆయన కొత్త లైసెన్సు కోసం రెండుసార్లు పరీక్షకి వెళ్ళి రెండు అగ్గిపెట్టెలు నలిపి వచ్చాడు. రెండుసార్లూ నడిపిన మనిషిలో ఏ దోషమూ లేదని, ఇంజన్‌నే ఇంకోసారి మొదటినుంచీ చూడాలని ఆయన అభిప్రాయం.